ఇన్వర్టర్ కొనుక్కుంటే సరిపోతుందా, ట్రాన్స్‌ఫార్మర్ కోసం తిరగాలా?

కుట్టుమిషన్ (అనంతపురం):
మాది అనంతపురం పాతూరులో ఒక సందు. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. రెండు మోటారు మిషన్లు, సాయానికి ఒక అమ్మాయి. ఈ ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే గంటకు గానీ రాదు. రాత్రి గాలి లేచిందంటే ఇక ఎప్పుడొస్తుందో చెప్పలేం. పోయిన శుక్రవారం పెళ్లివాళ్ల పట్టు జాకెట్టు, జరీ అంచు సగం వేసి ఉన్నాను, టప్పున పోయింది. ఆ అమ్మాయి ఫోన్ లైటు పట్టుకుంటే, మూలనున్న తొక్కుడు మిషన్ మీద మిగతాది పూర్తి చేశాను. పొద్దున చూస్తే కుట్టు వంకర. విప్పి మళ్లీ వేశాను గానీ, పట్టు మీద పాత సూది రంధ్రాలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. కూలి డబ్బులు అడగలేకపోయాను.

ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది వేయమని సందులో పది ఇళ్లవాళ్లం అర్జీ రాశాం. ఎదురింటాయన సంతకం పెట్టలేదు. "పాతికవేలు పెట్టి ఇన్వర్టర్ తెచ్చుకోక, ఆఫీసుల చుట్టూ ఈ తిరుగుడెందుకమ్మా" అన్నాడు. వాళ్లింట్లో ఉంది మరి. ఆ మాట నన్ను వదలడం లేదు. ఆయన చెప్పిందే నిజమా?

అమ్మకోసం (కడప):
అక్కా, కొనేయండి. మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ నడుస్తుంది. కరెంటు పోయిన క్షణం అది కూతపెడుతుంది. ఆ కూత వింటే నాకు కాళ్లలో వణుకు. ఇన్వర్టర్ వచ్చాక ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది. అర్జీలు నేనూ పెట్టాను, రెండుసార్లు. వాళ్లు పని చేసేదాకా అమ్మ ఊపిరి ఆపుకొని కూర్చోదు కదా. నాకు ఇది చర్చించే విషయమే కాదు.

వైర్‌మ్యాన్ (కర్నూలు):
ఇరవై ఏళ్లుగా ఇన్వర్టర్లు బిగించేదే నా పని. అయినా ఎదురింటాయన మాట సగమే నిజమంటాను.

ముందు మీ లెక్క. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, 12 వోల్టులు, అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. ఇన్వర్టర్లో పోయేది పోగా, బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి, చేతికొచ్చేది ఒక యూనిట్ చిల్లర. మీ రెండు మోటార్లు 200 వాట్లు, మామూలు ఫ్యాను 75, ఎల్‌ఈడీ లైట్లు 40. మూడు, మూడున్నర గంటలు నడుస్తాయి. ఫ్యాను మార్చి, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ రకం పెడితే 30 వాట్లే, కాస్త కలిసొస్తుంది. ఇస్త్రీపెట్టె మాత్రం ఆ లైను మీద పెట్టొద్దు. లైను కరెంటులాంటిదే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరే కొనండి, చౌకదాంట్లో ఫ్యాను గుయ్యిమంటుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇంతవరకు అందరూ చెప్తారు. షాపులో చెప్పనిది ఇంకొకటి ఉంది. ఇన్వర్టర్ కరెంటును పుట్టించదు, దాచిపెట్టి ఇస్తుంది. ఖాళీ అయిన ఆ బ్యాటరీ మళ్లీ నిండాలంటే పది పన్నెండు గంటలు మంచి కరెంటు కావాలి. రోజుకు మూడు నాలుగుసార్లు పోయే సందులో అది ఎప్పుడూ సగమే నిండుతుంది. అలా సగం సగంగా ఉన్న బ్యాటరీ లోపల ప్లేట్లు గట్టిపడిపోతాయి. ఐదేళ్లు రావాల్సింది రెండేళ్లకే చేతులెత్తేస్తుంది. మన ఎండలు తోడు. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని మా పనిలో లెక్క. రేకుల కింద, అటక మీద పెట్టినవి ఎన్ని మార్చానో. కింద, గాలి తగిలే చోట, కడప బండ మీద పెట్టించండి.

ఇంకొకటి. సాయంత్రం మీ సందులో లైట్లు గుడ్డిగా వెలుగుతాయా? ఇన్వర్టర్ వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే, వోల్టేజీ దాదాపు 180కి దిగగానే ఇన్వర్టర్ లైను వదిలేసి బ్యాటరీ మీదికి పోతుంది. కరెంటు ఉన్నా బ్యాటరీ అరుగుతుంది, ఇంట్లోవాళ్లకు తెలియదు. మామూలు మోడ్‌లో పెడితే 100 వోల్టులకు దిగేదాకా లైను మీదే నడుపుతుంది, కానీ ఫ్యాను తిరగదు. మీ సందు రోగం లో వోల్టేజీ అయితే ఇన్వర్టర్ దానికి మందు కాదు.

సందులో ముప్పై ఇళ్లవాళ్లు కొంటే ఏమవుతుందో కూడా చూడండి. కరెంటు వచ్చిన నిమిషంలో ముప్పై బ్యాటరీలు ఒక్కొక్కటి 250 వాట్ల దాకా లాగుతాయి. ఏడున్నర కిలోవాట్లు. దానికి తోడు ఫ్రిజ్‌లు, ఏసీలు, నీళ్ల మోటార్లు అన్నీ ఒక్కసారే. ఇప్పటికే లోడు నిండిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మళ్లీ ఎగిరిపోతుంది. లేనివాళ్ల ఇంట్లో అప్పటికి దీపం కూడా లేదు.

మిద్దెసోలార్ (కర్నూలు):
ఇన్ని తిప్పలెందుకు, మిద్దె మీద సోలార్ పెట్టించండి. 2024 నుంచి కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

వైర్‌మ్యాన్ (కర్నూలు):
అన్నా, బిల్లు తగ్గడానికి మంచిదే. కానీ బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, లైను కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు మన మిద్దె మీది కరెంటు తగలకూడదని అలా చేశారు. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. సోలార్‌తో పాటు బ్యాటరీనీ వాడుకునే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటేనే పనికొస్తుంది, ఖర్చు పెరుగుతుంది. ఇది ముందే చెప్పకుండా అంటగట్టినవాళ్ల మీద నాకు చాలా కోపం.

చీనీతోట (పులివెందుల వైపు):
మీరంతా ఇల్లు గురించే మాట్లాడుతున్నారు. మాకు ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, పిల్లలు చదువుకుంటారు, సంతోషం. కానీ ఐదు హెచ్‌పీ బోరు మోటారు అంటే 3.7 కిలోవాట్లు. ఏ ఇంటి ఇన్వర్టర్ తిప్పుతుంది? పగలు తొమ్మిది గంటలు త్రీ ఫేజ్ అన్నారు, అందులో ఒక ఫేజు పోతే మోటారు కాలుతుంది. పోయినేడు మా పొలాల మీది ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులమే చందాలేసి ట్రాక్టర్లో రిపేరుకు తీసుకెళ్లి, పన్నెండో రోజు తెచ్చుకున్నాం. ఈలోగా చీనీ (బత్తాయి) పిందె రాలి చెట్ల కింద పచ్చగా పరుచుకుంది. కాళ్ల కింద చిదుగుతుంటే నడవబుద్ధి కాలేదు. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు, కరెంటు కోసం గొంతెత్తడం మానేస్తుంది. మా ఊళ్లో నేను కళ్లారా చూశాను. ముందు పెద్దిళ్లవాళ్లు మానేశారు, తర్వాత మా మాట వినేవాళ్లు లేరు.

అమ్మకోసం (కడప):
అన్నా, ఆ మాట కొంచెం గుచ్చుకుంది. నేను మూడోసారి అర్జీ పెట్టలేదు, అది నిజం. కానీ మా అమ్మ మిషన్‌కు 350 వాట్లు. మూడు గంటలు దాటితే మళ్లీ సిలిండర్ కోసం పరుగే. ఉన్నదాన్ని కూడా వద్దనకండి.

వైర్‌మ్యాన్ (కర్నూలు):
వద్దనడం లేదమ్మా, మీ ఇంట్లో అది ఉండి తీరాలి. సిలిండర్ ఒకటి ఎప్పుడూ నిండుగా పక్కన పెట్టుకోండి.

కానీ కోత ఎందుకొస్తోందో ముందు తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో బొగ్గు కొరతతో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. అది ఉత్పత్తి లేక వచ్చిన కష్టం, సందులో అర్జీకి తీరదు. ఇప్పుడు మీ సందులోది అది కాదు. కరెంటు పుట్టించేవి మన పక్కనే ఉన్నాయి: ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ కేంద్రం) 1,650 మెగావాట్లు. మా గని, శకునాల దగ్గర సోలార్ పార్కు 1,000 మెగావాట్లు. గాలికి పోయే కరెంటు, సాయంత్రం గుడ్డిగా వెలిగే లైటు చివరి అర కిలోమీటరులో జబ్బు: చెట్టుకొమ్మ, వదులైన జంపరు (తీగలను కలిపే ముక్క), చాలని ట్రాన్స్‌ఫార్మర్. దీనికి అర్జీ పనిచేస్తుంది. అక్కా, మూడు రోజులు వోల్టేజీ కొలిచి రాయండి. 230కి ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 లోపు ఉండాలి. అంకెలున్న అర్జీని పక్కన పెట్టడం కష్టం. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు కూడా రాసుకోండి.

కుట్టుమిషన్ (అనంతపురం):
మా తమ్ముడి మీటరుతో మూడు రోజులు కొలిచాను. సాయంత్రం ఏడుకు 172, ఎనిమిదిన్నరకు 164, రాత్రి పదకొండుకు 221. నోటుబుక్కులో గీతలు కొట్టి రాశాను. ఎనిమిదిన్నరకు ఎదురింటికి వెళ్లి వాళ్ల ఇన్వర్టర్ చూపించమన్నాను. కరెంటు ఉంది, అయినా బ్యాటరీ లైటు వెలుగుతోంది. ఆయన కాసేపు అలాగే చూసి, పోయినేడే కొత్త బ్యాటరీ వేయించానమ్మా అన్నాడు. సంతకం ఇంకా పెట్టలేదు, పొద్దున మళ్లీ వెళ్తాను.

చీటీ డబ్బులు శ్రావణానికి ముందు వస్తాయి. ఇన్వర్టర్ కూడా కొంటాను, పెళ్లిళ్ల పని పోగొట్టుకోలేను. అర్జీ మాత్రం సోమవారమే ఇస్తున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ నంబరు రాయాలంటున్నారు, స్తంభం మీద రంగు పోయి కనిపించడం లేదు. ఏం చేయాలి?

వైర్‌మ్యాన్ (కర్నూలు):
సంతకం చేసిన అందరి సర్వీస్ నంబర్లు బిల్లు చూసి పేర్ల పక్కన రాయండి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నారో కరెంటు ఆఫీసువాళ్ల దగ్గర తెలుస్తుంది. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.