కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేయాలా? వద్దనే నా వాదన

తూర్పుగాలి:

చికిత్స వద్దనే హక్కుతో నాకు పేచీ లేదు. వెంటిలేటర్ మీద బతుకు లాగించడం ఇష్టం లేదని ఎవరైనా ముందే రాసిపెట్టుకుంటే డాక్టర్లు ఆ మాట మన్నించాలి. భారత సుప్రీంకోర్టు 2018 మార్చిలో అనుమతించింది కూడా ఇంతవరకే. నేను వ్యతిరేకించేది ఆ తరువాతి అడుగును. డాక్టరే ప్రాణం తీసే మందు ఎక్కించడం యూథనేసియా. రోగి తనంతట తాను తీసుకుని చనిపోవడానికి మందు రాసివ్వడం సహాయక ఆత్మహత్య. ఈ రెండింటికీ చట్టం ముద్ర వేయకూడదని నా అభిప్రాయం.

ప్రాణం దేవుడిచ్చిందన్న నమ్మకంతో ఈ మాట అనడం లేదు. ఆ నమ్మకం లేనివాళ్లను కూడా ఆలోచింపజేయాల్సిన కారణం ఒకటుంది. ఈ రోజు మంచాన పడ్డ మనిషి తానింకా ఎందుకు బతికి ఉన్నాడో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. చట్టం వచ్చిన మరునాటి నుంచి బతికి ఉండటం కూడా అతను తీసుకున్న నిర్ణయమే అవుతుంది. నిర్ణయం అన్నాక కారణం చెప్పాలి. ఎవరూ నోరు తెరిచి అడగకపోయినా, రాత్రి మూడు సార్లు లేచి తనను పక్కకు ఒత్తిగిలించే కూతురి కళ్ల కింద నలుపు చూసి తనను తానే అడుగుతాడు. ఆ హక్కును ఏనాడూ కోరుకోని వాళ్ల మీద కూడా ఈ బరువు పడుతుంది. అందుకే ‘ఇష్టమున్నవాళ్లే వాడుకుంటారు, మీకేమిటి నష్టం’ అన్న ప్రశ్నతో నేను సమాధానపడలేను.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఇలాంటి చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు నిర్ధారిస్తే మందు రాసిస్తారు. దాన్ని ఎందుకు కోరారో అక్కడి ఆరోగ్య శాఖ ఏటా లెక్క ప్రకటిస్తుంది. మనమంతా మొదటి కారణం అనుకునే నొప్పి ఆ జాబితాలో బాగా కింద ఉంటుంది. స్వతంత్రత పోవడం, ఇష్టమైన పనులు చేసుకోలేకపోవడం, మర్యాద పోయిందనిపించడం పైన ఉంటాయి. ఇంట్లోవాళ్లకు భారమవుతున్నామని చెప్పేవాళ్లూ తక్కువేమీ కాదు. వీటిలో చాలావాటికి సాటి మనుషుల తోడు, ఒళ్లు దాచుకోని సేవ, అందుకు కావలసిన డబ్బు విరుగుడు. అవి సమకూర్చడం కష్టం, ఖర్చు. మందు రాసివ్వడం తేలిక. ఏ ప్రభుత్వమైనా ఎటు మొగ్గుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇక హద్దుల సంగతి. కెనడాలో 2016లో చట్టం వచ్చినప్పుడు సహజ మరణం దరిదాపుల్లో ఉన్నవారికే అన్నారు. 2019లో ఆ దేశంలోని క్యుబెక్ రాష్ట్ర కోర్టు ఆ షరతు చెల్లదంది, 2021లో పార్లమెంటు దాన్ని ఎత్తేసింది. మానసిక వ్యాధి ఒక్కటే ఉన్నవారికి కూడా తలుపు తెరవాలని నిర్ణయించి, వ్యవస్థ సిద్ధంగా లేదంటూ 2027 మార్చి దాకా వాయిదా వేశారు. 2023లో అక్కడ ఇలా చనిపోయినవారు 15 వేలకు పైనే, మొత్తం మరణాల్లో 4.7 శాతం. బెల్జియం 2002లో పెద్దలకే పరిమితం చేసింది, 2014లో వయసు నిబంధన తీసేసింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. బాధే అర్హత అయినప్పుడు, ఒకరి బాధను లెక్కలోకి తీసుకుని ఇంకొకరి బాధను తోసిపుచ్చడానికి కోర్టుకు కారణం దొరకదు. హద్దు జరగడం ఆ తర్కంలోనే ఉంది.

నిర్ణయం నాది:

తూర్పుగాలి గారూ, మీరు ‘హద్దు జరగడం’ అంటున్నది నాకు హక్కు విస్తరించడంలా కనిపిస్తోంది. ఎన్నికైన పార్లమెంటు చర్చించి చేసిన మార్పును జారుడుగా చూపడం న్యాయం కాదు.

మా నాన్నగారు మోటార్ న్యూరాన్ జబ్బుతో పోయారు. మొదట చేతివేళ్లు, తరువాత మాట, తరువాత మింగడం. చివరి నెలల్లో ఆయన తన ఉమ్మి తాను మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యేవారు. బుద్ధి మాత్రం చివరిదాకా చురుగ్గానే ఉంది. అక్షరాల పలక మీద చూపుతో ఒక్కో అక్షరం ఎంచుకుంటూ ‘చాలు’ అన్నారు. ఆయనను ఎవరూ ఒత్తిడి చేయలేదు. వెంటిలేటర్ పెట్టుకుని ఉంటే దాన్ని తీసేయమనే హక్కు ఆయనకు ఉండేదని మీరే ఒప్పుకుంటున్నారు. యంత్రం వద్దనుకున్నందుకు ఆ హక్కు పోయిందా? ఫలితం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? ఎవరికో రాబోయే ఒత్తిడి పేరు చెప్పి, స్పష్టంగా అడిగిన మనిషిని బాధలో ఉంచడం నాకు కరుణగా తోచదు.

రాత్రి డ్యూటీ:

నేను పాలియేటివ్ వార్డులో, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించి చూసుకునే చోట, నర్సును. ముందుగా నిర్ణయం నాది గారికి: మీ నాన్నగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ జబ్బు ఎంత కఠినమో నాకు తెలుసు.

‘ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయమ్మా’ అనే మాట మేము తరచూ వింటాం. మా పెద్ద సిస్టర్ నేర్పింది ఒకటే, ఆ మాటకు ఔననీ కాదనీ అనకుండా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చోమని. రొమ్ము క్యాన్సర్ పుండై పగిలిన ఒకావిడ అలాగే అడిగారు. కూర్చుని అడిగితే నొప్పి గురించి ఒక్క మాటా రాలేదు. పుండు వాసనకు మనవలు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారట. డాక్టరును అడిగి మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లాం, పైన బొగ్గు పొర ఉన్న కట్టు వేశాం. కొన్ని రోజులకు వాసన తగ్గింది. చిన్న మనవడు మంచమెక్కి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకున్నాడు. ఆవిడ ఆ జబ్బుతోనే చనిపోయారు, కానీ ఇంజెక్షన్ మాట మళ్లీ ఎత్తలేదు.

అందరి కథా ఇలా తిరగదు. అయితే చావాలన్న కోరిక నిలకడగా ఉండదన్నది మేము రోజూ చూసేదే. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక కెనడా అధ్యయనం వచ్చింది. చివరి దశ క్యాన్సర్ రోగులను రోజుకు రెండుసార్లు అడుగుతూ పోతే, బతకాలన్న ఆశ 12 గంటల తేడాలోనే బాగా పెరగడమో తగ్గడమో కనిపించింది. ఉదయం సంతకం చేసిన చేయి సాయంత్రం ఏమనేదో అడగడానికి మనిషి మిగలరు.

చక్రాల కుర్చీ:

నాది వేరే భయం. నేను ఆత్మహత్య చేసుకుంటానంటే కౌన్సెలింగ్‌కు పంపుతారా, దరఖాస్తు ఫారం ఇస్తారా అన్నది నా నడుము కింద స్పర్శ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుందన్నమాట. నడిచేవాడు చస్తానంటే చుట్టూ చేరి ఆపుతారు, నేనంటే అర్థం చేసుకుంటారు. ఆ ‘అర్థం చేసుకోవడమే’ నన్ను భయపెడుతుంది.

ఒళ్లంతా చచ్చుబడి కంటి కదలికలతో మాత్రమే మాట్లాడగల రోగులను 2011లో ఒక సర్వేలో అడిగారు. తమ సంతోషం గురించి చెప్పిన 65 మందిలో 47 మంది సంతోషంగానే ఉన్నామన్నారు. బయటివాళ్లు ఎవరూ ఆ జవాబు ఊహించరు. వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి కమిటీ 2025లో కెనడాను, మరణం దగ్గరలో లేనివారికి ఇచ్చిన ఈ వెసులుబాటును రద్దు చేయమని సిఫారసు చేసింది. పార్లమెంటు చర్చించి చేసిన మార్పు గురించే ఆ మాట.

తూర్పుగాలి:

నిర్ణయం నాది గారూ, మీ ప్రశ్నను దాటవేయను. వెంటిలేటర్ తీసేసినప్పుడు ఆ మనిషిని చంపేది జబ్బు. వద్దన్న చేతిని అతని ఒంటి మీద నుంచి తీసేయడమే డాక్టరు చేసే పని. తీసేసిన తరువాత రోగి తనంతట తాను ఊపిరి పీల్చుకుంటే డాక్టరు ఓడిపోయినట్టు కాదు, సంతోషిస్తాడు. ప్రాణం తీసే మందు ఎక్కించాక మనిషి బతికితే మాత్రం పని విఫలమైందని మళ్లీ ఎక్కించాలి. ఫలితం ఒకేలా కనిపించినా, డాక్టరు కోరుకునేది రెండు చోట్లా ఒకటి కాదు. ‘నన్ను ముట్టుకోవద్దు’ అనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. ‘నన్ను చంపు’ అని మరొకరి మీద విధి మోపే హక్కు అందులోంచి పుట్టదు.

ఏ మందుకూ లొంగని బాధ ఉంటుందని కూడా ఒప్పుకోవాలి. అలాంటప్పుడు చివరి రోజుల్లో బాధ తెలియనంత మత్తులో ఉంచే పద్ధతి వైద్యంలో ఉంది. బాధ అణచడమే దాని గురి, మోతాదు కూడా బాధను బట్టే నిర్ణయిస్తారు. మింగలేని రోగికి నోట్లో ఊరే ఉమ్మిని తగ్గించే మందులున్నాయి, చర్మం కింద సన్నని సూదితో రోజంతా మార్ఫిన్ అందించే చిన్న పంపులున్నాయి. మీ నాన్నగారికి ఇవన్నీ అందాయో లేదో అడిగే చనువు నాకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్ అవసరమైతే, అందుతున్నది సుమారు 14 శాతానికే. మిగతా 86 శాతం మంది ముందు చావును ఒక ఎంపికగా పెడితే, రెండోవైపు పెట్టడానికి మన దగ్గర ఏముంది?

నిర్ణయం నాది:

ఆ పంపు గురించి మాకెవరూ చెప్పలేదు. అయినా నా అభిప్రాయం మారలేదు. అన్నీ అందిన తరువాత కూడా ‘చాలు’ అనే మనిషి ఒక్కరున్నా ఆ ఒక్కరికి మీరేం చెబుతారు?

తూర్పుగాలి:

నీ ప్రాణం మేము తీయం, నిన్ను ఒంటరిగానూ వదలం అని చెబుతాను. అది ఆ మనిషికి చాలకపోవచ్చు, నా మీద కోపమూ రావచ్చు. ఆ కోపం భరించాల్సింది మనమే. ఆ ఒక్కరి కోసం రాసిన చట్టాన్ని చక్రాల కుర్చీ గారు కూడా చదువుతారు. రేపు తనకు న్యుమోనియా వచ్చి వార్డులో చేరినప్పుడు, తెల్లకోటు వేసుకున్న మనిషి ఎదుట ఏ దారులు పెడతాడోనని ఆయన బెదరకుండా ఉండాలి.