ఆర్థర్ రాజు కథలు చదువుతుంటే కోపం వస్తోంది, మీకూ అంతేనా?

ప్రశ్న: ఇంగ్లీషులో మాలరీ రాయగా 1485లో కాక్స్టన్ అచ్చేసిన, బ్రిటన్ గాథల్లోని రాజు ఆర్థర్ కథలు మొదలుపెట్టాను. మే ఒకటో తేదీన పుట్టినవాడు నిన్ను నాశనం చేస్తాడని మాంత్రికుడు మెర్లిన్ చెప్పాడని, ఆర్థర్ ఆ రోజు పుట్టిన పెద్దింటి పసిపిల్లలందరినీ ఓడెక్కించి సముద్రంలో వదిలేయిస్తాడు! ఓడ బద్దలైంది, ఆ పిల్లల్లో ఒకడైన ఆర్థర్ కొడుకు మోర్డ్రెడ్ మాత్రం బతికాడు. ఇక్కడే ఆపేశాను. ముందుకెళ్లాలా?

జవాబు: వెళ్లండి. నాకూ అక్కడ కడుపు రగిలిపోయింది. మన కంసుడే గుర్తొచ్చాడు, కాకపోతే కంసుడు దుర్మార్గుడని కథే చెబుతుంది, ఇక్కడ ఆ పని చేసింది మనం మెచ్చుకోవాల్సిన రాజు.

మరో జవాబు: ఇందులోనే బేలిన్, బేలన్ అనే వీరులైన అన్నదమ్ముల కథ తప్పక చదవండి. ఎవరో పెద్ద డాలు ఇస్తే బేలిన్ తనది వదిలేసి అది పట్టుకెళ్తాడు, అందుకే తమ్ముడు గుర్తుపట్టలేక అతనితోనే పోరాడతాడు. ఇద్దరూ చావుదెబ్బలు తిన్నాక బేలన్ పాక్కుంటూ వచ్చి అన్న శిరస్త్రాణం తీస్తాడు, ముఖమంతా గాయాలు, నెత్తురు, అప్పటికీ పోల్చుకోలేడు. రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

ప్రశ్న అడిగినవారు: సరే, ఈ రాత్రే బేలిన్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతాను. ఆర్థర్‌ని మాత్రం క్షమించలేను.