“ద్యు బు ద లా పాంసే”: తెలుగులో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పియానో మీద ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ ‘గ్నోసియెన్’ అని పేరు పెట్టిన రచనల్లో మొదటిది నేర్చుకుంటోంది. (ఫ్రెంచివారి పలుకు ‘సతీ’కి దగ్గర. అలా రాస్తే మనకు వేరే అర్థం వస్తుందని ‘సాటీ’ అంటున్నాను.) 1893లో అచ్చయిన ఈ రచనలో తాళగతి గుర్తు లేదు, స్వరాలను విడదీసే నిలువు గీతలూ లేవు. మెల్లగా వాయించమని మొదట్లో ఒక మాట ఉంది. ఆ తర్వాత ‘బిగ్గరగా’, ‘మృదువుగా’ లాంటి మామూలు సూచనల్లా కాకుండా ‘బాగా మెరుస్తూ’, ‘ప్రశ్నించండి’, ‘అడుగడుగునా’, ‘నాలుక మీద’ అని స్వరాల మధ్య ఫ్రెంచిలో రాశాడు. ఇవన్నీ తెలుగులోకి తేలిగ్గానే వచ్చాయి. నాకు చిక్కనిది ‘ద్యు బు ద లా పాంసే’. ‘ఆలోచన చివరతో’ అని రాస్తే చప్పగా ఉంది.

జవాబు: ఫ్రెంచిలో ‘ద్యు బు దె ద్వా’ అంటే మునివేళ్లతో అని. సాటీ అందులో వేళ్లు తీసేసి ఆలోచన పెట్టాడు. మనమూ అదే పని చేయొచ్చు కదండీ: ‘మునితలపుతో’. ‘ముని’ వేళ్లకూ పళ్లకూ మాత్రమే అతుకుతుందనుకోనక్కర్లేదు, మునిమాపు అంటున్నాం కదా.

జవాబు: వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ చదివేవాళ్లు ఒప్పుకోరండీ. ‘మునితలపు’ చూడగానే ఋషి గుర్తొస్తాడు. పైగా మునిమాపులో ఉన్నది మొదలు. సాటీకి కావలసింది మొన, తాకీ తాకనంత. దానికి మన దగ్గర ‘కొన’ ఉంది. కొనగోటితో తీగ మీటడం అంటాం. ‘కొనతలపుతో’ అంటే వాయించే పిల్లకు చెయ్యి ఎంత తేలిగ్గా ఉండాలో వెంటనే తెలుస్తుంది.

కొనతలపు! చాలా థాంక్స్ అండీ, పొద్దున్నుంచీ వెతుకుతున్నది ఇదే. ఇంకొక సందేహం. కచేరీలో ఈ మాటలు శ్రోతలకు పైకి చదివి వినిపిస్తారా?

జవాబు: వద్దండీ. 1914 నాటి మరో పియానో రచనలో సాటీ ఇలాంటి మాటలే ఇంకా పొడుగ్గా రాసి, వాయించేటప్పుడు వాటిని పైకి చదవకూడదని గట్టిగా హెచ్చరించాడు. అవి వాయించేవారికి మాత్రమే. దీన్ని అల్లరి అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు బాధ. చిన్నప్పుడు పారిస్ కన్సర్వేటరీలో సోమరి అనిపించుకున్న మనిషి, 39 ఏళ్ల వయసులో స్కోలా కాంటోరుమ్ అనే సంగీత పాఠశాలలో చేరి కౌంటర్‌పాయింట్ (ఒకేసారి సాగే వేర్వేరు స్వరవరసలను జతకూర్చే విద్య) మొదటినుంచి నేర్చుకున్నాడు. మాటనూ అంత శ్రద్ధగానే పెట్టాడని నా నమ్మకం. అందుకే పాప నోట్స్‌లో ‘కొనతలపుతో’ అని పెన్సిల్‌తో చిన్నగా రాయండి, పాపకు మాత్రమే కనబడేలా.