బుడమేరుకు మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి: కట్టకా, కబురుకా?

సింగ్‌నగర్ టీచర్ (చర్చ ప్రారంభం)

2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు విజయవాడలోని మా ఇళ్లలోకి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట, నందమూరి నగర్ అన్నీ మునిగాయి. అప్పటినుంచి ఎవరిని అడిగినా ఒకటే జవాబు: వాగు నీటిని కృష్ణకు తిప్పే మళ్లింపు కాలువను 37,500 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) మోసేలా వెడల్పు చేయాలి, కట్టలు పెంచాలి, ఆక్రమణలు తొలగించాలి. ఇవన్నీ చేయాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పనులు పూర్తయ్యేలోపు ఎన్ని వానాకాలాలు వస్తాయి? అన్నాళ్లూ మా ప్రాణాలను కాపాడేది ముందుగా అందే కబురు ఒక్కటే. అందుకే మొదటి రూపాయి దానికే పెట్టాలంటాను. కాదనేవారు కారణం చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు, భవానీపురం

అమ్మా, కాదంటాను. కబురు నీటిని ఆపదు.

బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు లాకుల దగ్గర దాన్ని ఆపి, మళ్లింపు కాలువలో ఇబ్రహీంపట్నం వైపు తిప్పి కృష్ణలో కలుపుతున్నాం. వాగులో నీరు కాలువ మోయగలిగినంత ఉన్నప్పుడు ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. అంతకు మించితే లాకులు ఎత్తక తప్పదు. ఎత్తిన నీరు పాత దారి పట్టి నేరుగా విజయవాడ మీదికి వస్తుంది. ఆ రోజు లాకులు ఎత్తారు, దానికి తోడు మళ్లింపు కాలువ ఎడమ కట్టకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి చివరకు సైన్యం రావలసి వచ్చింది.

కృష్ణ సంగతీ చూడండి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్లాయి. 2009 అక్టోబరు నాటి వరదను మించిన రికార్డు అది. లెక్క కడితే రోజుకు దాదాపు 99 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). బ్యారేజీ నిల్వ సామర్థ్యం మూడు టీఎంసీల పైచిలుకు. ఆ ప్రవాహానికి ముప్పావు గంటలో నిండిపోతుంది. కృష్ణకు ఉపనది మునేరు కలిసేది పులిచింతల జలాశయానికి దిగువన, కాబట్టి ఆ నీటిని పట్టి ఉంచే జలాశయం మధ్యలో ఏదీ లేదు. కృష్ణ అంత ఎత్తున ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు అందులోకి ఎలా దిగుతుంది? వెనక్కి తంతుంది. కాబట్టి కొల్లేరుకు పోయే పాత దారిని బాగుచేయడమే అసలు మందు. 2005లోనూ బుడమేరు ఊరిని ముంచింది. ఇరవై ఏళ్లుగా వాయిదా పడిన పని ఇది. ఇంకో పది సైరన్లు కొని దీన్ని మళ్లీ వాయిదా వేయకండి.

లంక రైతు, కొల్లిపర

నేను కృష్ణ ఒడ్డువాణ్ణి, బుడమేరు గురించి పెద్దగా తెలియదు. మా దగ్గర జరిగేది చెబుతాను. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. మొదటిది వినగానే మోటార్లు విప్పుకొస్తాం. రెండోది వస్తే గొడ్లను కరకట్ట మీదికి తోలతాం. ఏ అంకెకు ఎవరి చేను మునుగుతుందో మా పిల్లలు కూడా చెప్పగలరు. అరటి, పసుపు పోతే పోతాయి, మనుషులం మాత్రం బయట ఉంటాం. వెలగలేరు దగ్గరికి ఎన్ని వేల క్యూసెక్కులు వస్తే సింగ్‌నగర్‌లో ఎక్కడికి నీరు వస్తుందో అక్కడి వాళ్లకు ఎవరైనా చెప్పారా?

సింగ్‌నగర్ టీచర్

లంక రైతు గారు నా మాటే చెప్పారు. ‘వెలగలేరు వద్ద ఇన్ని వేల క్యూసెక్కులు’ అని ఫోనుకు సందేశం వస్తే మా వీధిలో అద్దెకున్న ఆటో డ్రైవరు ఏం చేయాలి? ‘సాయంత్రం ఆరింటికి మీ వీధిలో నడుములోతు నీరు, ఇప్పుడే పై అంతస్తుకో ఫలానా పాఠశాలకో వెళ్లండి’ అంటే కదులుతాడు. క్యూసెక్కులను వీధిగా, లోతుగా, గంటగా మార్చి చెప్పగలిగినప్పుడే దాన్ని హెచ్చరిక అనాలి. అందుకు నేల ఎత్తుపల్లాల పటం కావాలి, వాగు పొడవునా నీటిమట్టం కొలిచే పరికరాలు కావాలి, వాటిని రాత్రింబవళ్లు చూస్తూ నిర్ణయం తీసుకునే మనిషి కావాలి. నేను డబ్బు అడుగుతున్నది వీటికి. సైరన్ల గురించి నేను అసలు ఎత్తలేదు.

ఆ మనిషి ఎవరన్నది చట్టంలోనే ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. ముందస్తు హెచ్చరికను ప్రజలకు చేరవేసే ఏర్పాటు ఆ సంస్థ విధుల్లో ఒకటి. 2025 సవరణతో నగరపాలక సంస్థలున్న నగరాల్లో కమిషనరు అధ్యక్షతన, కలెక్టరు ఉపాధ్యక్షులుగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసుకునే వీలు వచ్చింది. లాకులు ఎత్తే శాఖ వేరు, వీధిలో మైకు పట్టే శాఖ వేరు. ఆ రెంటి మధ్య కబురు ఆగిపోకుండా చూసే బాధ్యత ఒక్కరి మీద ఉండాలి.

ఇక సహాయం సంగతి. ముఖ్యమంత్రి కలెక్టరేటులోనే మకాం వేశారు. హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహారం మోశాయి, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పడవలు తిరిగాయి, నీరు తీశాక అగ్నిమాపక యంత్రాలతో ఇళ్లు కడిగారు. ఇది చిన్న శ్రమ కాదు, చేసినవారికి నమస్కరిస్తాను. అయినా పొట్లాలు పెద్ద రోడ్డు మీదే అయిపోయేవి, సందుల చివర ఉన్నవారు మేడలమీద నుంచి చేతులూపుతూనే ఉన్నారు. కారణం ఒక్కటే: ఏ సందులో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడో, ఎక్కడ నెలలు నిండిన గర్భిణి ఉందో, ఎవరికి డయాలిసిస్ తప్పదో చెప్పే జాబితా పడవ నడిపేవారి చేతిలో లేదు. హెచ్చరిక పంపాలంటే కావలసింది ఆ జాబితానే. వాన రాకముందు దాన్ని తయారుచేసుకుంటే మొదట ఎవరిని తరలించాలో తెలుస్తుంది, తర్వాత మొదటి పడవ ఎటు పోవాలో కూడా తెలుస్తుంది. కబురుకు పెట్టిన రూపాయి రెండుసార్లు పనికొస్తుందని నేను అంటున్నది ఇందుకే.

పాయకాపురం, మొదటి అంతస్తు

జాబితా మాట నిజం. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 ప్రకటించారు. దానికి ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకున్నారు. నీరు పోయాక చేయగలిగిన లెక్క జూన్‌కు ముందు చేయలేరా?

విశ్రాంత ఇంజనీరు, భవానీపురం

టీచరమ్మా, జాబితా విషయంలో నాకు పేచీ లేదు. కానీ కృష్ణకూ బుడమేరుకూ పోలిక కుదరదు. కృష్ణ వరద ఎగువ నుంచి దిగి రావడానికి వ్యవధి ఉంటుంది, ప్రతి జలాశయం దగ్గరా అంకె తెలుస్తుంది. బుడమేరు కొండవాగు. కొండల్లో కుంభవృష్టి పడితే గంటల్లో మీద పడుతుంది. వాన పడకముందే, అంచనా మీదే మీరు జనాన్ని లేపాలి. ఆ అంచనా మూడుసార్లు తప్పిందనుకోండి, నాలుగోసారి ఎవరు లేస్తారు? చేతిలో కాసిని గంటలే ఉంటే అంత జనాభాను ఎక్కడికి చేరుస్తారు? కట్ట గట్టిగా ఉంటే ఈ ప్రశ్నలేవీ రావు.

సింగ్‌నగర్ టీచర్

కట్ట గట్టిగా ఉందనుకునే కదండీ ఆ రాత్రి పడుకున్నాం.

ఊరంతా కదలాలని నేను అనడం లేదు. మా వీధుల్లో మేడలున్నాయి, చాలామందికి పైకెక్కితే చాలు. నిజంగా తరలించాల్సింది కింది అంతస్తులో ఉండి కదలలేనివారిని, రేకుల ఇళ్లవారిని. వారికి కాసిని గంటలు చాలు. హెచ్చరిక తప్పితే ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. ఇంకో చిన్న పని ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. 2024లో నీరు ఎంతవరకు వచ్చిందో ప్రతి కరెంటు స్తంభానికీ ఎర్ర రంగుతో గీత గీయాలి. కొత్తగా అద్దెకు దిగేవారికి ఆ గీతే చెబుతుంది.

పాయకాపురం, మొదటి అంతస్తు

ఆ గీత మాత్రం వద్దండీ. ఇప్పటికే కింది అంతస్తులు ఖాళీగా ఉంటున్నాయి. అప్పు తీసుకుని కట్టుకున్న ఇల్లు, అద్దె మీదే వాయిదాలు కడుతున్నాను. గీత చూస్తే ఎవరు దిగుతారు?

సింగ్‌నగర్ టీచర్

మీ కష్టం నాకు అర్థమవుతుంది. అద్దె తగ్గుతుంది, నిజమే. అయినా తెలియక దిగిన కుటుంబం పసిపిల్లలతో కింది అంతస్తులో నిద్రపోతుంటే మీరు పై నుంచి చూడగలరా? మీ ఇంటి ముందు స్తంభం వదిలేయమంటే వదిలేస్తాం. మా వీధిలో మాత్రం వానలకు ముందే గీస్తున్నాం.