దాడి వీడియో తీసేసినా మళ్లీ ఎలా వస్తోంది? పంచితే తప్పేంటి?

కొత్త అడ్మిన్:
ఉగ్రదాడి వీడియోలు వాట్సాప్ గ్రూపులోకి రాగానే తీసేస్తున్నా. "జనానికి నిజం తెలియొద్దా?" అని కొందరు తగువుకొస్తున్నారు. ఫేస్‌బుక్ వాళ్లేమో తీసేశామంటారు, తెల్లారేసరికి అదే వీడియో మళ్లీ ప్రత్యక్షం. వాళ్లకి చేతకాకా, పట్టకా?

పిక్సెల్ పంతులు:
రెండూ కొంత కొంత. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 2019 మార్చి 15న జరిగిన మసీదుల దాడినే చూడండి. హంతకుడు పెట్టిన ఫేస్‌బుక్ లైవ్ 17 నిమిషాలు నడిచింది. లైవ్‌లో చూసింది 200 మంది లోపే, అందులో ఒక్కరూ రిపోర్ట్ కొట్టలేదు. మొదటి ఫిర్యాదు లైవ్ ముగిశాక 12 నిమిషాలకు వచ్చింది. అప్పటికే కాపీలు బయటికి పోయాయి. తొలి 24 గంటల్లో ఫేస్‌బుక్ 15 లక్షల కాపీలు తీసేసింది. వాటిలో 12 లక్షలు అప్‌లోడ్ దగ్గరే ఆగాయి, మిగతావి జనంలోకి వచ్చేశాయి.

అవెలా జారిపోయాయంటే: తీసేసిన వీడియోకి హ్యాష్ అనే వేలిముద్ర తీసి, కొత్త అప్‌లోడ్‌లతో పోలుస్తారు. మామూలు హ్యాష్ అయితే ఫైల్లో ఒక్క బిట్ (అతిచిన్న ముక్క) మారినా పోలిక కుదరదు. దృశ్యాన్ని బట్టి తీసే హ్యాష్ చిన్న మార్పుల్ని తట్టుకుంటుంది. కానీ అంచులు కోసి, బోర్డర్ తగిలించి, టీవీ తెరని ఫోన్‌తో షూట్ చేసి పెడితే అదీ తడబడుతుంది. అలాంటి రూపాలు 800 దాటాయి. చివరికి ఆడియోని పోల్చి కొన్నింటిని పట్టుకున్నారు.

సాక్ష్యం ముఖ్యం:
"నిజం తెలియాలి" అనేవాళ్లని ఒక్కటే అడగండి: కెమెరా ఎవరి చేతిలో ఉంది? క్రైస్ట్‌చర్చ్‌లో అది హంతకుడి తలకే ఉంది. ఎలా కనబడాలో, ఎవరికి చేరాలో వాడే నిర్ణయించాడు. తిడుతూ పంచినా వాడి పనే జరుగుతుంది. చనిపోయిన 51 మందిలో హైదరాబాద్, కరీంనగర్ వాళ్లూ ఉన్నారు, ఆ క్లిప్పు వాళ్ల ఇళ్లకీ చేరొచ్చు. న్యూజిలాండ్‌లో దాన్ని తెలిసి దగ్గర ఉంచుకుంటే 10 ఏళ్ల వరకు, పంచితే 14 ఏళ్ల వరకు జైలు.

అయితే కనబడ్డ ప్రతి వీడియోనీ సమూలంగా చెరిపెయ్యమనడం కూడా తప్పే. 2017లో లిబియా కమాండర్ వెర్ఫల్లిపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారంటు ఇచ్చింది. దానికి ఆధారాల్లో సోషల్ మీడియాలో పెట్టిన కాల్చివేతల వీడియోలే ముఖ్యం. అదే ఏడాది యూట్యూబ్ యంత్రాలు సిరియా యుద్ధ వీడియోల్ని కుప్పలుగా తీసేస్తే, కేసులకి పనికొచ్చే ఆధారాలూ వాటితో పోయాయి. అందుకే జనానికి కనబడకుండా తీసెయ్యాలి, మూల ఫైలూ అప్‌లోడ్ సమయం మాత్రం దర్యాప్తు కోసం కంపెనీ భద్రపరచాలి.

చేతిలో ఫోను:
వాట్సాప్‌లో మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చూడలేరు, దారిలో పోల్చి ఆపే వీల్లేదు. కాబట్టి భారం అడ్మిన్‌దే. ముందు మెసేజ్‌ని నొక్కి పట్టి రిపోర్ట్ చెయ్యండి, ఆ తర్వాతే "అందరికీ డిలీట్". వరస తప్పితే రిపోర్ట్ చెయ్యడానికి మెసేజే ఉండదు. సభ్యులందరి చేత స్టోరేజ్ సెట్టింగ్స్‌లో వీడియోల ఆటో డౌన్‌లోడ్ ఆపించండి, లేకపోతే మీరు తీసేసేలోపే ఫైలు వాళ్ల ఫోన్లలో దిగిపోతుంది. మన ఊళ్లో జరిగిన దాడి అయితే ఎవరు, ఎప్పుడు పంపారో రాసుకుని పోలీసులకి చెప్పండి. క్లిప్పు మాత్రం వేరే గ్రూపులో "ఇది నిజమేనా?" అంటూ పెట్టకండి. అలా అడగడం కూడా ఫార్వర్డ్ చేయడమే.