భూమి లోపల అంతా లావానేనా? మరి ప్లేట్లు ఎట్లా కదులుతాయి?

నాచారం మమ్మీ:
మా పాప ఎనిమిదో క్లాసు, ఎల్లుండి సైన్స్ ప్రాజెక్ట్ ఇవ్వాలి. థర్మకోల్ బాల్‌ని సగానికి కోసి పొరలకి రంగులేస్తూ డౌట్ అడిగింది, నాకు చెప్పడం రాలేదు. పైన క్రస్ట్, కింద మాంటిల్ అంతా కరిగిన లావా, దాని మీద ప్లేట్లు పడవల్లా తేలుతుంటాయి, నాకు గుర్తున్నది ఇదే, అదే చెప్పిన. "మరి బోరు వేస్తే లావా ఎందుకు రాదు మమ్మీ" అంటుంది. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర భూకంపం వస్తే మా కిచెన్‌లో గిన్నెల స్టాండ్ గలగలలాడింది, అది దానికి బాగా గుర్తు. మనం ప్లేట్ మధ్యలో కదా ఉన్నది, ఇక్కడెందుకు ఊగింది? ఎవరైనా కొంచెం అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

మల్కాజిగిరి టీచర్:
అక్కా, ముందు మాంటిల్‌కి లావా రంగు వేయించకండి. అది గట్టి రాయి. మన కింద క్రస్ట్ సుమారు 35 కిలోమీటర్లు, అక్కడి నుంచి 2900 కిలోమీటర్ల లోతు దాకా మాంటిల్. నిజంగా ద్రవంగా ఉండే పొర ఔటర్ కోర్ ఒక్కటే, కరిగిన ఇనుము, నికెల్, అది 5150 దాకా, దాని లోపల ఇన్నర్ కోర్ మళ్లీ గట్టిదే. చూసొచ్చినవాళ్లు ఎవరూ లేరు, రష్యాలో కోలా దగ్గర ఏళ్ల తరబడి తవ్వితే 12 కిలోమీటర్లు దాటి కొంచెం పోయారంతే. భూకంప తరంగాలే చెప్పాయి ఇదంతా. వాటిలో ఎస్ తరంగాలు ద్రవంలోంచి పోలేవు, మాంటిల్‌లో హాయిగా పోతాయి, కోర్ దగ్గర ఆగిపోతాయి.

మరి గట్టి రాయి ఎలా కదులుతుందంటే, రోడ్డు పక్కన తారు డ్రమ్ము చూపించండి పాపకి. చల్లటి పొద్దున సుత్తితో కొడితే తారు పెంకులా పగులుతుంది, అదే డ్రమ్ముని పక్కకి పడేసి వదిలేస్తే కొన్నాళ్లకి మూతి దగ్గర నాలుకలా కారి ఉంటుంది. మాంటిల్ రాయి కూడా అంతే, కాకపోతే లక్షల ఏళ్ల లెక్కలో.

తార్నాక:
టీచర్ గారు చెప్పింది కరెక్ట్, నేను ప్లేట్లని లాగేది ఏంటో చెప్తా. ప్లేట్ అంటే క్రస్ట్ ఒక్కటే కాదు, మాంటిల్ పైభాగం కూడా అతుక్కుని సుమారు 100 కిలోమీటర్ల మందం. పిట్టగోడ మీద తడిచీర ఆరేసినప్పుడు అవతలి పక్క ఎక్కువ వేలాడితే ఆ బరువే మిగతా చీరని లాక్కుపోతుంది కదా, సముద్రం అడుగు ప్లేట్ కూడా పాతబడేకొద్దీ చల్లారి బరువెక్కి అంచు దగ్గర కిందికి దిగుతూ వెనకున్నదంతా లాగుతుంది. సుమత్రా దగ్గర అలా దిగే చోటే 2004 డిసెంబర్ 26న ప్లేట్లు జారి సునామీ వచ్చింది, మన కోస్తా దాకా. ఉత్తరాన మాత్రం నేల తేలిక, అంత సులువుగా మునగదు, టిబెట్‌ని గుద్దుకుని హిమాలయాలు లేచాయి, ఆ ఒత్తిడి దేశమంతా పాకుతుంది.

మనం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం వైపు పోతున్నాం. 1591లో కట్టిన చార్మినార్ ఈ లెక్కన ఇప్పటికి 21 మీటర్ల పైనే జరిగింది, దాని ఒక పక్క పొడవే 20 మీటర్లు! నాకైతే అటు పోయిన ప్రతిసారీ ఇదే గుర్తొస్తుంది.

కొత్తగూడెం తాత:
అమ్మా, నేను బొగ్గు బాయిల పనిచేసి రిటైర్ అయిన, ఇప్పుడు ఉప్పల్‌ల ఉంటున్న. గోదావరి లోయ అంతా పాత పగులు, కోట్ల ఏండ్ల కింద నేల అక్కడ చీలి కుంగింది, ఆ గుంటల పేరుకున్న అడవులే మా బొగ్గు. హిమాలయాల ఒత్తిడికి అసొంటి పాత పగుళ్లే కదులుతయ్, ములుగుది 5.3, 1969ల భద్రాచలం దిక్కు 5.7 వచ్చింది, అప్పుడు నేను చిన్నపిల్లగాణ్ణి, మా నాయిన మంచాలన్ని వాకిట్ల ఏసిండు. బాయిల షేల్ రాయి పగలగొడితే నాలుక లెక్క ఆకు అచ్చు కనపడేది, ఈనెలు సుత తెలిసేవి. గ్లోసాప్టెరిస్ అంటరు. అదే ఆకు ఆస్ట్రేలియాల, ఆఫ్రికాల, అంటార్కిటికాల సుత దొరికింది, అప్పుడు అన్నీ ఒక్కటే నేల. పాపకు ఇది తప్పక చెప్పు బిడ్డా.

నాచారం మమ్మీ:
అందరికీ చాలా థాంక్స్, తాతగారి ఆకు బొమ్మ చార్ట్ మీద గీస్తానంటుంది. మాంటిల్ ఎరుపు గీకేశాం, ఇప్పుడు పొరలు ఎంతెంత వెడల్పు పెట్టాలి? బాల్ అడ్డంగా 20 సెంటీమీటర్లు ఉంది.

మల్కాజిగిరి టీచర్:
సెంటర్ నుంచి 1.9 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, అది ఇన్నర్ కోర్. 5.5 దగ్గర ఇంకోటి, ఔటర్ కోర్ అక్కడికి అయిపోతుంది. మిగతాదంతా మాంటిల్, ఆకుపచ్చ వేయండి, దాని పైభాగంలో ఎక్కువుండే ఆలివిన్ అనే ఖనిజం ఆ రంగే. క్రస్ట్ అర మిల్లీమీటరే వస్తుంది, చుట్టూ స్కెచ్ పెన్‌తో ఒక గీత గీస్తే చాలు.