అమలాపురంలో కాన్పు, కాపురం తణుకులో: బర్త్ సర్టిఫికెట్ ఎక్కడ?

తణుకు నాన్న: మా ఆవిడ పుట్టిల్లు అమలాపురం. పాప అక్కడే ప్రైవేటు ఆస్పత్రిలో పుట్టింది. మేముండేది తణుకు. ఇక్కడి మున్సిపాలిటీలో రాయించుకోవచ్చా? ఆస్పత్రిలో పాప పేరు అడుగుతున్నారు. బారసాల ఇరవై ఒకటో రోజున, అప్పటిదాకా ఆగమంటోంది అమ్మ. ఆధార్ కూడా ఇప్పుడే తీసుకోవాలా?

కోనసీమ కోడలు: కుదరదండి. బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి రిజిస్టర్లోనే ఎక్కుతుంది. మా అత్తగారి ఊరి సచివాలయంలో మాకూ అదే చెప్పారు. ఆ ముక్క ఆస్పత్రి కౌంటర్లోనే చెప్పుంటే పచ్చి బాలింతని ఆటోలో తిరిగేదాన్ని కాదు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

భీమవరం మేనమామ: మీ అమ్మగారి మాట వినండి. పేరు పెట్టాకే రాయించండి. మా మేనకోడలికి పేరు లేకుండా సర్టిఫికెట్ తెచ్చారు. తర్వాత పేరు ఎక్కించడానికి మా బావగారిని ఎంత తిప్పారో నాకు తెలుసు.

మాజీ కార్యదర్శి: దయచేసి ఈ సలహా పాటించకండి. నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. జనన మరణాల రిజిస్టర్లు నా చేత్తో రాశాను. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే జననం నమోదు చేయొచ్చు. తర్వాత 12 నెలల్లోపు పేరు చెబితే రుసుము లేదు. ఆపైన 15 ఏళ్ల దాకా లేటు ఫీజు కట్టి ఎక్కించుకోవచ్చు. కబురు అందించడానికి మాత్రం 21 రోజులే. బారసాలా ఆ రోజే, గడువూ ఆ రోజే. పంతులుగారు ముహూర్తం రెండు రోజులు జరిపితే ఏమవుతుంది?

భీమవరం మేనమామ: ఏమీ అవదు, లేటు ఫీజు కడతాం. బారసాల మా పెద్దల ఆచారం, దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

మాజీ కార్యదర్శి: ఆచారాన్ని నేనేమీ అనలేదు బాబూ. ఫీజుతో పోయేది 30 రోజుల్లోపు అయితేనే. అది దాటితే జిల్లా రిజిస్ట్రార్ రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కాలి. అలా తిరిగే తల్లిదండ్రులను నేను చూశాను, మీరు చూడలేదు.

భీమవరం మేనమామ: చూడలేదని మీకెవరు చెప్పారు? మా బావగారిని తిప్పింది మీలాంటి ఆఫీసర్లే కదా!

రావులపాలెం టీచరమ్మ: ఇద్దరూ ఆగండి. తణుకు నాన్న గారూ, ఇంటిపేరు పూర్తిగా రాయించండి. పొడి అక్షరం వద్దు. బళ్లో చేర్చేటప్పుడు నేను రోజూ చూసే గొడవ ఇదే. సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, తల్లి పేరులో ఒక అక్షరం తేడా ఉంటుంది. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా పుట్టిన తేదీకి ఈ కాగితమే రుజువు. ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడు మీ ఇద్దరి ఆధార్ కార్డులు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. నేను మా బాబుకి అలాగే చేశాను. ఇంతవరకు ఎక్కడా ఒక్క దిద్దుబాటు రాలేదు.

కోనసీమ కోడలు: ఆ ఫారంలో తల్లి చదువు, మతం, ఎన్నో కాన్పు అని ఎందుకు అడుగుతారండి? మా ఆడబిడ్డ అవి సర్టిఫికెట్ మీద వస్తాయని భయపడింది.

మాజీ కార్యదర్శి: రావమ్మా. అవి గణాంకాల భాగంలోవి.

మురమళ్ల: మాకు యానాం దగ్గర. మా తమ్ముడి భార్య కాన్పు అక్కడి ఆస్పత్రిలో అయింది. మేము ఆంధ్రావాళ్లమే అయినా పుదుచ్చేరి ప్రభుత్వ సర్టిఫికెట్ వచ్చింది. ఇది చెల్లుతుందా అని మా నాన్నకి ఒకటే టెన్షన్.

రావులపాలెం టీచరమ్మ: నిక్షేపంగా చెల్లుతుంది. చట్టం దేశమంతటికీ ఒకటే. మా బళ్లో అలాంటి పిల్లలున్నారు.

తణుకు నాన్న: ఆధార్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రావులపాలెం టీచరమ్మ: సర్టిఫికెట్ చేతికొచ్చాక చూసుకోండి. ఐదేళ్లలోపు వేలిముద్రలు తీసుకోరు, తల్లి గానీ తండ్రి గానీ ఆధార్‌తో వెళ్తే చాలు.

లంక పిల్లోడు: పెద్దాయన గారూ, మాది లంక. గోదారికి వరదొస్తే పడవే దిక్కు. పడవలోనే కాన్పు అయిపోతే ఏ ఊరు రాయాలి? మా వదినకి నెలలు నిండాయి, నిజంగానే అడుగుతున్నాను.

మాజీ కార్యదర్శి: మంచి ప్రశ్న. కదిలే వాహనంలో కాన్పయితే, అది నీటి మీదిదైనా సరే, మొదట ఆగిన చోట కబురివ్వాలి. ఆ బాధ్యత పడవ నడిపేవాడిదే. మీరు రేవు దిగగానే అక్కడి పంచాయతీలో చెప్పించండి. అయినా అందాకా ఎందుకు? వరద హెచ్చరిక రాకముందే ఆవిణ్ణి గట్టు ఇవతలికి తీసుకొచ్చెయ్యండి. మీ ఆశా కార్యకర్తకు ఇవాళే చెప్పండి.

లంక పిల్లోడు: ఆయ్, అలాగేనండి. పొద్దున్నే అన్నయ్యకి చెబుతాను.

భీమవరం మేనమామ: మరి మా మేనకోడలికి ఇంటిపేరు తప్పు పడింది, అదెవరు దిద్దుతారో కూడా చెప్పండి.

మాజీ కార్యదర్శి: నమోదు చేసిన రిజిస్ట్రారే. అదే చట్టం 15వ సెక్షన్. రుజువు కాగితాలు పట్టుకెళ్లండి.